తీగ మోగి ఆగేలోపు: గిటార్ ఆల్బమ్‌లు ఏ వరుసలో వినాలి

మంచి గిటార్ ఆల్బమ్‌ల కోసం నెట్‌లో వెతికితే వంద పేర్ల జాబితా ఏదో ఒకటి తగులుతుంది. పైనున్న పేర్లలో ఎక్కువ భాగం రాకే. నల్లగొండలోనో పాలమూరులోనో పుట్టి, గుడి మైకులో భజనలు, పెళ్లి ఊరేగింపులో బ్యాండు, బస్సులో సినిమా పాటలు వింటూ పెరిగిన మనిషి ఆ జాబితాను పై నుంచి కిందికి వినుకుంటూ పోతే మూడో ఆల్బమ్ దగ్గరే ఈయర్‌ఫోన్స్ తీసి పక్కన పెడతాడు. "మనకిది పడదులే" అనుకుంటాడు. పడకపోవడానికి కారణం చాలాసార్లు వరుసే. అందుకని మన చెవికి అలవాటైన చోట మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా దూరం పోయే వరుస ఒకటి ఇస్తున్నాను. ఇవన్నీ నాకు ఇష్టమైనవే. పెద్ద పేర్లు కొన్ని కనిపించవు, కావాలనే వదిలేశాను.

ముందు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. గిటార్‌కు పుట్టుకతోనే ఒక లోపం ఉంది. తీగ మీటగానే శబ్దం గట్టిగా పుడుతుంది, ఆ మరుక్షణం నుంచే తగ్గిపోతుంది. వేణువుకు ఊపిరి ఉంది, వయొలిన్‌కు కమాను ఉంది, అవి స్వరాన్ని పట్టి నిలబెడతాయి. గిటార్ వాయించే మనిషికి ఆ వీలు లేదు. ఆగిపోతున్న స్వరాన్ని ఏం చేయాలో ఒక్కో దేశం వాళ్లు ఒక్కో దారి కనిపెట్టుకున్నారు, ఆ దారులే తర్వాత శైలులయ్యాయని నాకనిపిస్తుంది. కాబట్టి ఏ ఆల్బమ్ పెట్టినా ఒకే ప్రశ్న వేసుకుని వినండి: మీటిన తర్వాత ఆ స్వరాన్ని ఈయన ఏం చేస్తున్నాడు? జవాబు దొరికితే బ్లూస్, జాజ్ లాంటి పేర్లు తెలియకపోయినా సంగీతం అర్థమవుతుంది.

వినే ఏర్పాటు

ఫోన్ స్పీకర్ మీద వినకండి. గిటార్‌లో అన్నిటికన్నా కింది తీగ సుమారు 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఫోన్‌లోని చిన్న స్పీకర్ అంత కిందికి దిగలేదు. మనకు వినిపించేది ఆ తీగ పైపై శబ్దమే, దాని ఒళ్లు వినపడదు. మూడు నాలుగు వందల రూపాయల వైరున్న ఈయర్‌ఫోన్స్ ఉన్నా చాలు, కానీ రెండు చెవులూ పనిచేయాలి. ఒకవైపు పోయిన ఈయర్‌ఫోన్స్‌తో వింటే కొన్ని ఆల్బమ్‌లలో ఒక మనిషి వాయించేదంతా మాయమైపోతుంది. ఆ ఆల్బమ్ పేరు తర్వాత చెబుతాను. ఫోన్ సెట్టింగ్స్‌లో మోనో ఆడియో (రెండు చెవులకూ ఒకే శబ్దం కలిపి పంపేది) ఆన్‌లో ఉంటే తీసేయండి. బాస్ బూస్ట్ కూడా తీసేయండి, అది డీజే పాటలకు పనికొస్తుంది, ఇక్కడ అన్నిటినీ ముద్ద చేస్తుంది.

షఫుల్ ఆపండి. ఉచిత యాప్ తన ఇష్టం వచ్చినట్టు వరుస మారుస్తుంటే యూట్యూబ్‌లో పూర్తి ఆల్బమ్ వెతుక్కోండి. పాత ఆల్బమ్‌లు ఎల్పీ రికార్డు కోసం చేసినవి, ఒక్కో పక్క ఇరవై నిమిషాలు అటూ ఇటూ. ఒక పూటకు ఒక పక్క వినండి. మొత్తం ఒకేసారి మింగాల్సిన పనిలేదు.

ఎక్కడ వినాలన్నదీ ముఖ్యమే. నల్లగొండ నుంచి హైదరాబాద్‌కు బస్సులో పోతూ వినొచ్చు, రెండున్నర గంటల టైం దొరుకుతుంది. కానీ ఇంజిన్ మోత కింది తీగల శబ్దాన్ని మింగేస్తుంది. కాబట్టి బస్సుకు స్పెయిన్ ఫ్లమెంకో, అమెరికా బ్లూస్ లాంటి చురుకైనవి పెట్టుకోండి. నెమ్మదైనవి రాత్రికి, డాబా మీదికి వదిలేయండి.

మొదట కిన్నెర

గిటార్ పెట్టకముందే ఒక పది నిమిషాలు పన్నెండు మెట్ల కిన్నెర వినండి. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య వాయించేది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చాక వీడియోలు సులువుగానే దొరుకుతున్నాయి. దండి మీద మెట్లు, కింద సొరకాయ బుర్రలు. తీగ మీటితే పొడిగా మోగి వెంటనే ఆగుతుంది. పాలమూరు జానపద వీరుడు పండుగ సాయన్న కథ చెబుతున్నప్పుడు గమనించండి, సాగదీసే పని గొంతు చేస్తుంది, గొంతు ఊపిరి తీసుకునే చోట కిన్నెర బదులిస్తుంది. ఈ సంగతి చెవిలో పెట్టుకోండి, అమెరికా బ్లూస్ దగ్గర అచ్చం ఇదే మళ్లీ ఎదురవుతుంది.

గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలను కూడా ఇకపై మెట్లు అనే అంటాను.

జారే తీగ

మొదటి ఆల్బమ్ కాల్ ఆఫ్ ద వ్యాలీ, 1967. శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు, బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటార్. కశ్మీర్ లోయలో ఒక గొర్రెల కాపరి రోజును పొద్దున నుంచి రాగాల్లో చెప్పే ఆల్బమ్ ఇది. కాబ్రా జోధ్‌పూర్ మనిషి, సరోద్ విద్వాంసుడు అలీ అక్బర్ ఖాన్ శిష్యుడు. గిటార్‌ను ఒళ్లో పడుకోబెట్టి, తీగను మెట్టు మీద నొక్కకుండా ఒక లోహపు కడ్డీని తీగ మీద జార్చేవాడు. మీటిన స్వరం ఆగేలోపు కడ్డీ జారుతుంది, స్వరం దానితోపాటు పైకో కిందికో పాకుతుంది. పాటగాడి గొంతు చేసే పనే.

దీన్ని మూడుసార్లు వినండి. మొదటిసారి సంతూర్ ఒక్కటే పట్టుకోండి: కర్రపుల్లలతో కొట్టే వాద్యం కాబట్టి చుక్కలు చుక్కలుగా పడుతుంది, స్వరం నిలబడాలంటే గబగబా కొడుతూనే ఉండాలి. రెండోసారి వేణువు: ఊపిరున్నంత సేపూ గీత తెగదు. మూడోసారి గిటార్: చుక్కతో మొదలై గీతగా మారుతుంది. ఒకే ఆల్బమ్‌లో మూడు రకాలూ పక్కపక్కనే ఉన్నాయి, అందుకే దీన్ని ముందు పెట్టాను. మధ్యలో భూప్ రాగం వచ్చినప్పుడు మోహనలా ఉందే అనిపిస్తే మీరు సరిగ్గానే వింటున్నారు, రెండింటి స్వరాలూ అవే. పొద్దుటి అహిర్ భైరవ్ కూడా మన చక్రవాకానికి దగ్గరిది.

ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లను కూడా కూర్చోబెట్టండి. సునీల్ గంగూలీ హవాయి గిటార్ మీద వాయించిన హిందీ సినిమా పాటలను రేడియోలోనో క్యాసెట్లలోనో విన్న తరానికి ఈ జారుడు శబ్దం కొత్తేమీ కాదు.

రెండోది ఎ మీటింగ్ బై ద రివర్, 1993. జైపూర్‌కు చెందిన విశ్వమోహన్ భట్ మోహన వీణ, కాలిఫోర్నియాకు చెందిన రై కూడర్ గిటార్. మోహన వీణ అంటే భట్ గిటార్‌కు అదనపు తీగలు బిగించి తయారుచేసుకున్న వాద్యం. ప్రధాన తీగలు మోగితే పక్కనున్న తరఫ్ తీగలు వాటంతటవే కంపిస్తాయి, అందుకే స్వరం వెనుక సన్నని పొగలా ఏదో మిగిలి ఉంటుంది. ఇద్దరూ రికార్డింగ్‌కు కొద్దిసేపటి ముందే మొదటిసారి కలుసుకున్నారు. నాలుగే ట్రాకులు. మరుసటి ఏడాది గ్రామీ అవార్డు వచ్చింది. ఇద్దరూ తీగ మీద జార్చేవాళ్లే కాబట్టి ఎవరు ఎవరో మొదట్లో తెలియదు. ఒక చిట్కా: గమకం పొడవుగా, మెలికలు తిరిగి వస్తే భట్, రెండు మూడు స్వరాలు వేసి ఊరుకుంటే కూడర్. ఆ ఊరుకోవడమే కూడర్ గొప్పతనం.

అక్కడ నుంచి మాలీకి

రై కూడర్ చెయ్యి పట్టుకునే పశ్చిమాఫ్రికా వెళ్లొచ్చు. 1994లో అలీ ఫర్కా టూరేతో కలిసి చేసిన టాకింగ్ టింబక్టూ మూడో ఆల్బమ్. టూరేది మాలీలో నైజర్ నది ఒడ్డునున్న నియాఫుంకే. ఆయన తనను తాను ముందు రైతునని చెప్పుకునేవాడు. మాటవరసకు కాదు, నిజంగానే సేద్యం చేశాడు, 2004లో ఆ ఊరికి మేయర్ కూడా అయ్యాడు. పాలమూరులో నీళ్ల కోసం ఎదురుచూపు తెలిసినవాళ్లకు ఆయన కథ వేరే చెప్పక్కర్లేదు. 1999లో వచ్చిన ఆల్బమ్ పేరే నియాఫుంకే. ఊరు వదిలి స్టూడియోకు రానంటే రికార్డింగ్ వాళ్లే జనరేటర్ వేసుకుని ఊరికి పోయారు. నాకు ఆ రెండింటిలో నియాఫుంకేనే ఎక్కువ ఇష్టం, మొదటిసారి వినేవాళ్లకు మాత్రం టాకింగ్ టింబక్టూ సులువు.

టూరే స్వరాన్ని సాగదీయడు. ఒక చిన్న వరుసను పట్టుకుని తిప్పి తిప్పి వాయిస్తాడు. కింద ఒక తీగ శ్రుతిలా మోగుతూనే ఉంటుంది. ఆగిపోయేలోపు మళ్లీ మీటడమే ఆయన దారి. తంబూరా శ్రుతి మీద భజన విన్నవాళ్లకు ఇందులో విసుగు రాదు. ప్రతి ఎనిమిది మాత్రలకూ ఏదో మారాలని ఎదురుచూసేవాళ్లకు వస్తుంది. వస్తే ఆపేయండి, ఇంకోరోజు రాత్రి పెట్టండి.

ఇప్పుడు బ్లూస్, అమెరికా నల్లజాతివాళ్ల పాట. బి.బి. కింగ్, లైవ్ ఎట్ ద రీగల్. 1964 నవంబర్ 21న షికాగో రీగల్ థియేటర్‌లో రికార్డయింది, 1965లో వచ్చింది. మొదటిసారి జనం అరుపుల్ని కూడా వినండి, అవి అలంకారం కాదు, ఆయన ఒక స్వరం పట్టగానే జనం ఎక్కడ కేక వేస్తున్నారో చూస్తే ఆ స్వరంలో ఏముందో తెలిసిపోతుంది. బి.బి. కింగ్ బంధువు బుకా వైట్ జారుడు గిటార్ వాయించేవాడు. అది తనకు చేతకాలేదని, ఆ శబ్దాన్ని అనుకరించబోయి వేలిని తీగ మీద వణికించడం అలవాటైందని కింగ్ చెప్పుకున్నాడు. అంటే కాబ్రా కడ్డీతో చేసింది ఈయన వట్టి వేలితో చేశాడన్నమాట. ఇంకోటి, ఈయన పాడుతున్నప్పుడు గిటార్ వాయించడు. పాట ఆగిన చోట గిటార్ బదులిస్తుంది. కిన్నెర దగ్గర విన్నదే.

ఆగనీ అనే ఫ్లమెంకో

ఇక్కడ నుంచి దారి మలుపు తిరుగుతుంది. స్పెయిన్ దక్షిణాన ఫ్లమెంకో గిటార్‌ను సాధారణంగా తేలికైన సైప్రస్ చెక్కతో, పలుచగా చేస్తారు. శబ్దం పదునుగా పుట్టి త్వరగా ఆగుతుంది. వాళ్లకు కావలసింది అదే. స్వరాన్ని సాగదీయాలని చూడరు, ఒకటి ఆగేలోపు నాలుగు పడేస్తారు. మన డప్పు మీద దెబ్బ మోగి ఆగిందో లేదో చిటికెన పుల్ల ఇంకో దెబ్బ వేస్తుంది చూడండి, ఈ లెక్క కూడా అలాంటిదే.

పాకో దె లూసియా 1973 ఆల్బమ్ ఫ్వెంతే ఇ కౌదాల్‌తో మొదలుపెట్టండి. మొదటి ట్రాకు రుంబా, అందరికీ నచ్చుతుంది, స్పెయిన్‌లో పెద్ద హిట్ కూడా అదే. అక్కడే ఆగిపోకండి. ఫ్లమెంకోలో చాలా రకాలకు పన్నెండు మాత్రల ఆవర్తం ఉంటుంది, ఊనిక మాత్రం సమానంగా పడదు. సొలేయా అనే రకంలో మూడు, ఆరు, ఎనిమిది, పది, పన్నెండు మీద పడుతుంది. తొడ మీద తాళం వేసి లెక్కపెట్టుకోండి. ఆదితాళానికి అలవాటైన చెయ్యి మొదట్లో తడబడుతుంది. లెక్క కుదిరాక ఆల్బమ్ మొత్తం వేరేగా వినిపిస్తుంది. ఇందుకు రెండు మూడు పూటలు పెట్టినా నష్టం లేదు.

క్లాసికల్ గిటార్‌కు ఎక్కువ టైం పెట్టమని అడగను. హ్వాకిన్ రొద్రీగో 1939లో రాసిన కన్సియెర్తో దె అరన్‌హ్వెస్ ఒక్కటి చాలు. జూలియన్ బ్రీమ్‌దైనా, జాన్ విలియమ్స్‌దైనా వినండి, ఇద్దరూ ఒకటికి మించి రికార్డింగులు చేశారు. నడిమి భాగం నెమ్మదైనది. గాలివాద్యం పొడవైన గీత పాడుతుంది, గిటార్ అదే గీతను ఆగిపోయే చుక్కలతో మళ్లీ చెబుతుంది. ఆ తేడా వినడానికే దీన్ని పెట్టాను.

జాజ్, ఆ తర్వాత కరెంటు

జాజ్ అంటే చాలామందికి టెన్షన్. పేరు కష్టం, స్వరాలు ఎటు పోతాయో తెలియదు. వెస్ మాంట్‌గోమరీతో మొదలుపెడితే ఆ టెన్షన్ తగ్గుతుంది. ద ఇన్‌క్రెడిబుల్ జాజ్ గిటార్, 1960. పగలు ఫ్యాక్టరీ పని, రాత్రి గిటార్. పక్కింటివాళ్ల నిద్ర చెడకూడదని ప్లెక్ట్రమ్ (తీగ మీటే చిన్న బిళ్ల) మానేసి బొటనవేలితో మెల్లగా మీటేవాడంటారు, ఆ మెత్తదనం ఆయన గుర్తయిపోయింది. ఒకే స్వరాన్ని పై స్థాయిలోనూ కింది స్థాయిలోనూ కలిపి మీటడం ఈయన పద్ధతి. స్వరం పొడవు పెరగదు, లావెక్కుతుంది. ఆయన సోలోలు చాలావరకు మెట్లు మెట్లుగా కట్టినవి: మొదట ఒక్కో స్వరం, తర్వాత జంట స్వరాలు, చివరికి నిండు కార్డులు, అంటే కొన్ని స్వరాలు ఒకేసారి. ఎక్కడ మారుతున్నాడో వేలు ఎత్తి గుర్తుపెట్టండి. ఈ ఒక్క ఆట చాలు, మిగతా జాజ్ సిద్ధాంతం ఇప్పుడు వద్దు.

రాక్‌కు ఇప్పుడొస్తున్నాం. ఇంత ఆలస్యంగా ఎందుకంటే, కరెంటు గిటార్‌లో యాంప్లిఫయర్‌ను బాగా పెంచినప్పుడు శబ్దం గరుకెక్కుతుంది, ఆ గరుకుతోపాటు స్వరం నిలబడుతుంది కూడా. గిటార్‌కు మొదటిసారి ఊపిరి వచ్చింది ఇక్కడే. ముందు మిగతా దారులన్నీ విన్నవాళ్లకు ఇది గోలగా అనిపించదు.

జెఫ్ బెక్ ఆల్బమ్ బ్లో బై బ్లో, 1975, పెట్టండి. పాట లేదు, అంతా వాద్యమే, కాబట్టి ఇంగ్లిష్ మాటలు పట్టుకోవాలన్న తాపత్రయం ఉండదు. తీగ మీటి, ఆ చప్పుడు పోయాక వాల్యూమ్ బటన్ తిప్పి స్వరాన్ని పైకి తెస్తాడు కొన్నిచోట్ల. మీటిన దెబ్బ వినపడదు, ఎవరో మూలిగినట్టు ఉంటుంది. రెండో పక్క మొదట్లో వచ్చే నెమ్మదైన ట్రాకులో దీన్ని పట్టుకోండి.

గట్టి సంగీతం కావాలంటే బ్లాక్ సాబత్, మాస్టర్ ఆఫ్ రియాలిటీ, 1971. టోనీ అయోమీ కుర్రతనంలో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ యంత్రంలో రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకుని మళ్లీ వాయించాడు. ఈ ఆల్బమ్‌లో కొన్ని పాటలకు తీగల్ని మూడు అర్ధస్వరాలు కిందికి సడలించాడు. సడలిన తీగ వేళ్లను అంతగా బాధించదు, శబ్దం బరువెక్కుతుంది. మెటల్ అనే గట్టి రాక్‌లో వినపడే ఆ బరువుకు ఇదొక మొదలు. ఫోన్ స్పీకర్ వద్దని ముందే ఎందుకు చెప్పానో ఇక్కడ తెలుస్తుంది.

తిరిగి ఘటం దగ్గరికి

చివరికి శక్తి బృందం అదే పేరుతో 1976లో తెచ్చిన ఆల్బమ్. ఇంగ్లండ్‌కు చెందిన జాన్ మెక్‌లాఫ్లిన్ గిటార్, ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయక్‌రామ్ ఘటం. మెక్‌లాఫ్లిన్ తన గిటార్‌కు మెట్ల మధ్య చెక్కను తొలిపించి గుంటలు చేయించాడు. దాంతో వేలికి తీగను లాగే వీలు పెరిగి గమకం పలుకుతుంది. శ్రుతి తీగలు కూడా బిగించుకున్నాడు. మొదటి ట్రాకు పద్దెనిమిది నిమిషాల ఉరుకు, దానితో మొదలుపెట్టకండి. రెండోది, చిన్నది, ముందు వినండి. ఈ బృందమే తర్వాత రిమెంబర్ శక్తిగా వచ్చినప్పుడు మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ అందులో చేరాడు. వీళ్లదే 2023 ఆల్బమ్ దిస్ మొమెంట్‌కు గ్రామీ వచ్చింది, అయినా నా ఓటు 1976కే.

మెక్‌లాఫ్లిన్, పాకో, అల్ డి మియోలా కలిసి వాయించిన ఫ్రైడే నైట్ ఇన్ శాన్‌ఫ్రాన్సిస్కో అన్నిటికన్నా ఎక్కువమంది సిఫారసు చేసే గిటార్ ఆల్బమ్‌లలో ఒకటి. 1980 డిసెంబర్ 5 నాటి కచేరీ. మొదటి ట్రాకులో ఎడమ చెవిలో పాకో, కుడి చెవిలో డి మియోలా. ఒకవైపు పోయిన ఈయర్‌ఫోన్స్ గురించి చెప్పింది దీని కోసమే. వేగం చూస్తే కళ్లు తిరుగుతాయి. పందెం వాసన కాస్త ఎక్కువైందని నాకనిపిస్తుంది, కానీ బస్సులో వినడానికి దీన్ని మించింది లేదు.

ఇంకొకరికి చెప్పేటప్పుడు

"అన్నా, ఒక మంచి గిటార్ ఆల్బమ్ చెప్పు" అని ఎవరైనా అడిగితే వెంటనే మీకు నచ్చింది చెప్పేయకండి. ఇప్పుడు ఏం వింటున్నావని అడగండి. గజల్స్ వినే నాన్నకు కాల్ ఆఫ్ ద వ్యాలీ. చర్చిలో కార్డులు వాయించే తమ్ముడికి బ్రెజిల్ గాయకుడు జోవావ్ జిల్బెర్తో 1959 ఆల్బమ్ షేగా దె సౌదాదె ఇవ్వండి: బొటనవేలు బాస్ తీగను నిలకడగా నడిపిస్తుంటే మిగతా వేళ్లు కార్డులను తాళానికి కాస్త ముందో వెనుకో వేస్తాయి, వాడి కుడిచేతికి పని దొరుకుతుంది. డప్పు వాయించేవాళ్లకు పాకో. హాస్టల్లో రాత్రంతా డీజే పాటలు పెట్టే కుర్రాడికి బ్లాక్ సాబత్. ఒకరికి ఒకటే చెప్పండి, లింకులు పది పంపితే ఒక్కటీ వినరు.

మీ సంగతికొస్తే, ఈ వరుస పూర్తయ్యాక ఎవరూ చెప్పకుండానే మళ్లీ పెట్టుకున్న ఆల్బమ్ ఏదో చూసుకుని ఆ దారినే పోండి. బి.బి. కింగ్ అయితే వెనక్కి, రాబర్ట్ జాన్సన్ 1936, 37లలో రికార్డు చేసిన ఇరవైతొమ్మిది పాటలకు. టూరే అయితే తుమానీ జబాతే కోరాతో (పశ్చిమాఫ్రికా తీగవాద్యం) కలిసి వాయించిన 2005 ఆల్బమ్ ఇన్ ద హార్ట్ ఆఫ్ ద మూన్‌కు. కాబ్రా అయితే దేబాశిష్ భట్టాచార్య 2008 ఆల్బమ్ కల్కత్తా క్రానికల్స్‌కు. జెఫ్ బెక్ అయితే మరుసటి ఏడాదే వచ్చిన వైర్డ్‌కు.